ఉన్న హోటలుకి తద్దినం

కోనపేట రేవుకి ఓడలు రావడం మానేసి చాలాకాలమైంది. అవతల కొత్త ఓడరేవు కట్టారు, ఓడలన్నీ అటే పోయాయి. సరుకు మోసే బార్జీలు బురదలో కూరుకుపోయాయి, గోదాముల్లో గబ్బిలాలు కాపురం పెట్టాయి. అన్నాళ్ళూ ఆ రేవు ఏ సర్కారువారి కంటికీ ఆనలేదు. ఇంతలో ఎవరో పెద్దమనిషి విదేశం వెళ్ళొచ్చాడు. అక్కడ పాడుబడ్డ రేవుల్ని కడిగి, రంగులేసి, దీపాలు పెట్టి జనం చేత కాఫీలు తాగిస్తున్నారని కళ్ళారా చూసొచ్చాడు. అంతే! మన రేవు మాత్రం పాడుబడలేదా ఏం, పాడుబడ్డంలో మనం ఎవరికి తీసిపోయాం అని పై వాళ్ళకి పౌరుషం వచ్చేసింది. 'పాత రేవు పునర్వికాస సాధికార సంస్థ' పుట్టింది. అంత పేరు నోరు తిరక్క రేవు జనం 'వికాసమోళ్ళు' అని ఊరుకున్నారు.

వికాసమోళ్ళు గోదాములకి గులాబీరంగు వేశారు. బార్జీలు కడిగి వాటిల్లో పూలమొక్కలు పెట్టారు. అంతా అయ్యాక ఒక సలహాదారు వచ్చి చూసి పెదవి విరిచాడు. "అన్నీ బాగున్నాయి గానీ, ఆత్మ లేదు" అన్నాడు. ఆత్మ ఎక్కడ దొరుకుతుందని అడిగితే, స్థానికుల జ్ఞాపకాల్లో దొరుకుతుందన్నాడు. మర్నాడు పొద్దున్నే రేవు వీధుల్లో మైకు కట్టుకుని ఆటో తిరిగింది.

"ప్రజలారా! మీ వద్దనున్న జ్ఞాపకాలను వెంటనే సంస్థకు అప్పగించండి. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు తప్పనిసరి. జ్ఞాపకం అంగీకరించబడిన ప్రతి ఒక్కరూ జ్ఞాపకదారుగా గుర్తించబడుదురు. జ్ఞాపకదారులకు కొత్త రేవు ప్లాజాలో ప్రాధాన్యం కలదు."

సగం విని సగం వినక కొందరు పాత బిందెలూ విరిగిన కుర్చీలూ పట్టుకుని వీధిలోకొచ్చారు. నూకరత్నం మాత్రం పొయ్యి దగ్గర గరిటె ఆపి చివరిదాకా వింది. ఆమెకి ఆ చివరి ముక్కే కావాలి.

నూకరత్నం కాకా హోటలు జెట్టీ మొదట్లో ఉంది. అత్తగారు పెట్టిన పొయ్యి. గోడలకి బార్జీ చెక్కలు, పైన రేకులు, ముందు రెండు బల్లలు. పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం చేపల పులుసు, పొద్దస్తమానం టీ. ఒకప్పుడు బస్తాలు మోసే కళాసీలు అక్కడే తినేవారు. ఓడలు పోయాయి గానీ కళాసీలు ఎక్కడికి పోతారు? ముసలాళ్ళై వాళ్ళిప్పటికీ ఆ బల్లల మీదే కూర్చుంటున్నారు. అదిగో, ఆ హోటలుకే ఇప్పుడు గండం వచ్చిపడింది. వికాసమోళ్ళ పటంలో ఆ చోట హోటలు లేదు, నీళ్ళు చిమ్మే ఫౌంటెను ఉంది. జ్ఞాపకదారు అయితే తన చోటు తనకి మిగుల్తుందేమోనని ఆవిడ ఆశ. పొయ్యి ఆరిపోతే తనకి పట్టెడన్నం పుట్టదని ఒక బెంగ, ఈ ముసలాళ్ళు ఎక్కడ కూర్చుంటారని రెండో బెంగ.

"పద మావా, జ్ఞాపకాలిచ్చొద్దాం" అంది పేరయ్యతో. పేరయ్య కళాసీల జట్టుకి పాటగాడు. బరువు లాగేటప్పుడు ముందు పాడేది ఆయన, వెనక లాగేది జట్టు. లాగే బరువు పోయినా నోరు మాత్రం పోలేదు.

"నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయే రత్నం. మోయగలరో లేదో వాళ్ళని అడుగు" అన్నాడు పేరయ్య.

జ్ఞాపకాల విభాగం పాత ఉప్పు గోదాములో ఉంది. అక్కడ స్మృతి సంకలన ప్రత్యేకాధికారి విశ్వపతిగారు ఏసీ గదిలో కూర్చుని ఉంటారు. మనిషి చెడ్డవాడు కాదు. అయితే మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఇంట్లో ఉప్పు అడగడానిక్కూడా "తగు మోతాదులో సమకూర్చవలసినదిగా" అంటారని ప్యూను చెప్పుకుంటాడు.

ముందు పేరయ్య వంతు. కెమెరా ముందు కూర్చోబెట్టి, నెత్తిన కొత్త తలపాగా చుట్టి, "ఇక మూడు నిముషాలు మధురంగా జ్ఞాపకం చేసుకోండి" అన్నారు విశ్వపతిగారు.

"మధురంగానా?" అన్నాడు పేరయ్య.

"మార్గదర్శకాల ప్రకారం ఉప్పుగాలి అనుమతించబడును. చెమట అనుమతించబడదు. సూర్యోదయం తప్పనిసరి."

"నెత్తి మీద బస్తా ఉంటే సూర్యుడు ఎలా అగుపిస్తాడండి? నాకు జ్ఞాపకమున్నదల్లా ముందు నడిచేవాడి మడమలు."

"మడమలు వద్దు. మరొకటి చెప్పండి."

పేరయ్య హుషారుగా సర్దుకున్నాడు. "అయితే మా మేస్త్రీని ఏడిపించిన సంగతి చెప్తానండి. తాడు పట్టి గుంజేటప్పుడు నేనో ముక్క అంటాను, జట్టు 'హైలెస్స' అంటుంది. అప్పుడు లాగరండి. తాడు బిగబట్టి ఊగుతారంతే. నా నోట 'జోర్సెయ్' అన్న ముక్క పడాలి, అప్పుడే లాగుడు. లేకపోతే ఎవడి కాలో నలిగిపోద్ది. అంచేత మేస్త్రీ టీలు ఇప్పించనన్నాడనుకోండి, నేనా ముక్క అనేవాణ్ణి కాదు. పొద్దుగూకేదాకా హైలెస్స, హైలెస్స! బరువు అంగుళం కదిలేది కాదు. వాడేమో, ఆహా, ఎంత కష్టపడుతున్నార్రా అని..."

"ఆపండి!" అన్నారు విశ్వపతిగారు. "ఇది ప్రతికూల స్మృతి. శ్రామికుల క్రమశిక్షణకు భంగకరం. తొలగించడమైనది." కెమెరా ఆయన అక్కడికక్కడే తుడిచేశాడు. పేరయ్యకి ఒళ్ళు మండింది గానీ నూకరత్నం పని చెడుతుందని నోరు మూసుకున్నాడు.

తర్వాత నూకరత్నం కూర్చుంది. చెంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలెట్టింది. "రేవు మొదట్లో నాకో హోటలు ఉంది..."

"ఉండేది" అన్నారు విశ్వపతిగారు.

"ఏటండి?"

"హోటలు ఉండేది, అని చెప్పవలెను. జ్ఞాపకమనగా గతించిన దానిని గురించినది. ఉన్నదానికి జ్ఞాపకముండదు. నియమావళి మొదటి నిబంధన."

"అయితే బాబుగారూ, అది పోలేదండి. ఉంది. ఇందాకే పులుసు దించి వచ్చాను."

"అదే ఇక్కడ సాంకేతిక అవరోధం" అని ఆయన బాధగా తల ఊపారు. "తమ హోటలు అత్యంత విలువైన స్మృతి. మా సలహాదారుగారు ప్లాజాకి అదే మకుటమన్నారు. మకుటం ధరించడానికి సర్వం సిద్ధం. కానీ అది ఇంకా ఉన్నది! పోనీ, తమ నివాసం ఎక్కడ? ఆ కాలమ్ అయినా నింపుదాం."

"నేనుండేది ఆ హోటల్లోనే కదండీ, వెనక గదిలో."

విశ్వపతిగారు కుర్చీలోంచి లేచిపోయారు. "భేష్! ఉండేది అన్నారు! చూశారా, ఎంత సహజంగా వచ్చిందో! నమోదు చేయండయ్యా."

"ఇప్పుడుండేదండీ!" అంది నూకరత్నం కంగారుగా. "పూర్వం కాదు. ఇవాళ, రేపు, ఎల్లుండీ ఉండేది!"

"ఇప్పుడు ఉండేది అనెడి ప్రయోగం మా ఫారంలో లేదు" అన్నారాయన. "ఒక్కసారి, మనస్ఫూర్తిగా, 'నాకో హోటలు ఉండేది' అనండి. వెంటనే తమను జ్ఞాపకదారుగా ప్రకటిస్తాను. ప్లాజాలో చోటు ఖాయం."

నూకరత్నానికి ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. అంటే పోయేదేముంది, ఒక్క మాట! కానీ అక్కడ పొయ్యి మండుతుంటే, అత్తగారి చేతి ఇనపమూకుడు ఇంకా సెగలు కక్కుతుంటే, ఉండేది అని ఎలా అనడం? "నావల్ల కాదు బాబుగారూ. బతికున్న మొగుడికి తద్దినం పెట్టమన్నట్టుంది" అని లేచి వచ్చేసింది.

అక్కడితో ఊరుకుంటే అది ఆఫీసెందుకవుతుంది! విశ్వపతిగారు పెద్ద నోటు రాశారు. 'నూకరత్నం హోటలుకు జ్ఞాపకార్హత కలదు గాని అది ఉనికిలో ఉన్నందున అర్హత స్తంభించినది. కావున సదరు హోటలును తొలగించి, స్మృతిగా మార్చి, లబ్ధిదారుకు మేలు చేకూర్చవచ్చును.' పై నుంచి నోటు ఆమోదముద్రతో శరవేగంగా తిరిగొచ్చింది. ఆవిడ మీద ఎవరికీ కోపం లేదు, అది గమనించాలి. అందరూ ఆవిడ మేలు కోసమే ఆవిడ హోటలు పడగొడదామనుకున్నారు.

రాయి కూడా చెక్కించారు. నల్లటి పలక మీద బంగారు అక్షరాలు: 'ఇక్కడ ఉండేది నూకరత్నం కాకా హోటలు'. మంత్రిగారు వచ్చి తెర తీస్తారు. రాయి పక్కనే ఫైబరుతో అచ్చు అలాంటి హోటలే కడతారు. అందులో ఫైబరు పొయ్యి, ఫైబరు పెసరట్టు, ఓ మూల గొట్టంలోంచి పులుసు వాసన. చేప వాసన లేకుండా పులుసు వాసన ఎలా తేవాలో పరిశోధన జరుగుతోందన్నారు.

"మరి నేను?" అంది నూకరత్నం, నోటీసు తెచ్చిన విశ్వపతిగారితో.

"తమరు అందులో కూర్చోవచ్చును. జీవ ప్రదర్శనగా! వంట నిషిద్ధం. గరిటె తిప్పుతున్నట్టు అభినయించవచ్చును."

"అన్నం వండకుండా హోటల్లో కూర్చోనా? మా అత్త పైనుంచి చూసి చీపురు తిరగేస్తుంది బాబుగారూ!" అంది. అంది గానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. విశ్వపతిగారు అవి ఆనందబాష్పాలనుకున్నారు. కెమెరా వెంట తేనందుకు చాలా నొచ్చుకున్నారు.

మంత్రిగారు రావడానికి ముందురోజు పొద్దున్నే హోటలు తీసేయాలి. పొక్లెయిను వచ్చింది. వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే 'యంత్ర కంపనముల వలన స్మృతులు చెదురును గనుక స్మృతి మండలంలో యంత్రముల ప్రవేశం నిషేధం' అని సంస్థవారే బోర్డు పెట్టారు. బోర్డు మీద సంతకం విశ్వపతిగారిదే. తాడిచెట్టు ఎక్కినవాడు దిగే దారి చూసుకోవాలి కదా. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, మొహం వెలిగిపోగా ఆజ్ఞ వేశారు: "సంప్రదాయ పద్ధతిన తొలగించెదము! కళాసీలు తాళ్ళు కట్టి, పాట పాడుతూ లాగెదరు. మనం రికార్డు చేసెదము. ఒకే దెబ్బకు తొలగింపూ, స్మృతీ!"

ఊళ్ళో మిగిలిన కళాసీలంటే హోటలు బల్లల మీద కూర్చున్నవాళ్ళే. వాళ్ళు తింటున్న పెసరట్టు ముక్కలు నోట్లో పెట్టుకుని లేచారు. స్తంభాలకి తాళ్ళు కట్టారు. నూకరత్నం గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఓరి దేవుడా! మావా, నువ్వు కూడానా? నా చేతి కూడు తిని నా గోడే లాగుతావా?"

పేరయ్య ముందుకొచ్చాడు. తలపాగా బిగించి, తాడు పట్టుకుని, ఆవిడ వైపు ఒక్కసారి చూశాడు. చూసి, వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ చాటున జట్టుకి కొట్టినట్టు, ఎడమకన్ను కొట్టాడు. నూకరత్నానికి అప్పుడు వెలిగింది. చెంగు నోట్లో కుక్కుకుని పొయ్యి వెనక్కి పోయింది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

"పెద్దబాబు వచ్చాడండీ!" ఎత్తుకున్నాడు పేరయ్య.

"హైలెస్స!" అంది జట్టు. తాళ్ళు బిగిశాయి. ముసలి ఒళ్ళు ఊగాయి.

"ఉన్నదాన్ని లేదన్నాడు!"

"హైలెస్స!"

"లేనిదాన్ని కట్టేస్తాడు!"

"హైలెస్స!"

"గొట్టంలోంచి పులుసు పోస్తాడు!"

"హైలెస్స!"

"గుటకలేసి గొప్పంటాడు!"

"హైలెస్స!"

విశ్వపతిగారికి రోమాంచమైంది. "ఎంత మౌఖిక సంపద! ఎంత శ్రమ! చూడండి, నరాలు ఎలా ఉబ్బుతున్నాయో!" అని కెమెరా ఆయన్ని అటూ ఇటూ పరుగెత్తించారు. పెద్దబాబు అంటే ఎవరో జానపద దైవమై ఉంటాడని కూడా నిర్ధారించారు. ఎండెక్కింది. జట్టు ఆగి టీ తాగింది, నూకరత్నమే పోసింది. మళ్ళీ ఎత్తుకున్నారు. మధ్యాహ్నం పులుసన్నం తిన్నారు. మళ్ళీ ఎత్తుకున్నారు. పేరయ్య నోట మేస్త్రీలొచ్చారు, ఇంజినీర్లొచ్చారు, గులాబీరంగు గోదాములొచ్చాయి, ఫౌంటెన్లో స్నానం చేసే కాకులొచ్చాయి. ఒక్క ముక్క మాత్రం రాలేదు.

పొద్దు వాలింది. హోటలు ఉన్నచోటే ఉంది.

"ఏమిటిది? ఇంతసేపటికీ కదలదేం?" అన్నారు విశ్వపతిగారు.

"బరువు సామీ, మహా బరువు" అన్నాడు పేరయ్య నుదురు తుడుచుకుంటూ. "జ్ఞాపకాలు బాగా పట్టేసినట్టున్నాయండి."

విశ్వపతిగారు గంభీరంగా తల పంకించారు. 'జ్ఞాపకభారం ఊహించిన దానికన్నా అధికం' అని రాసుకున్నారు. రేపు మంత్రిగారు వెళ్ళాక మిగతాది లాగుదామనీ, ఈలోగా హోటలు కనపడకుండా గుడ్డ కట్టేద్దామనీ ఏర్పాటైంది. గుడ్డ సరిపోలేదు. మంత్రిగారి ఫొటో ఉన్న ఫ్లెక్సీలు తెచ్చి కట్టారు.

మర్నాడు రేవంతా జనం. మంత్రిగారు వచ్చారు, దండలు పడ్డాయి, ప్రసంగాలైపోయాయి. రాయి మీది తెర తీసే వేళకి సముద్రం మీంచి గాలి లేచింది. గాలికి ఫ్లెక్సీలు టపటపమని కొట్టుకుని ఊడి మేకుకి వేలాడాయి. వెనకాల నూకరత్నం హోటలు, కిటికీలోంచి పొగ, పొగతోబాటు పండుగప్ప పులుసు వాసన. మధ్యాహ్నం దాటిపోయింది, పొద్దుటినుంచీ మంత్రిగారి కడుపులో దండల పరిమళం తప్ప ఏమీ పడలేదు. ఆయన ముక్కు ముందు అటు తిరిగింది, తర్వాత తల తిరిగింది.

తెర లాగారు. మైకులో పెద్దగా చదివారు: "ఇక్కడ ఉండేది... నూకరత్నం కాకా హోటలు!" చదివి రాయి వంక చూశారు, హోటలు వంక చూశారు. రెండూ ఎదురెదురుగా, ఏ పేచీ లేకుండా ఉన్నాయి. "బాగుందయ్యా! ఏదమ్మా ఆ నూకరత్నం? ఇలా రా. ఇక్కడ ఉండేది నీ హోటలేనా?"

నూకరత్నం మైకు ముందుకి వచ్చింది. పక్కన విశ్వపతిగారు చేతులు నలుపుకుంటూ, "అనండి, ఆ ఒక్క మాట అనండి" అని గొణుగుతున్నారు. ఇన్నాళ్ళూ పీక మీద కత్తి పెట్టినా ఆవిడ నోట రాని మాట అది. ఆవిడ రాయి మీది బంగారు అక్షరాలు చూసింది. మెల్లిగా కూడబలుక్కుని చదివింది. ఆవిడ మొహం మీదికి నవ్వొచ్చింది.

"అవునండయ్యా" అంది, రేవంతా వినపడేలా. "ఇక్కడ ఉండేది నా హోటలే! ఇంకోటి ఉండదు!"

"జోర్సెయ్!" అన్నాడు వెనకనుంచి పేరయ్య.

ఇక చూడండి చప్పట్లు! ఈలలు, కేకలు. కళాసీలు తలపాగాలు గాల్లోకి ఎగరేశారు. మంత్రిగారు ఉప్పొంగిపోయి, "ఉండేది ఇదే! ఇదే ఉండేది! నేను మాటిస్తున్నాను!" అనేశారు. టీవీల వాళ్ళు ఆ మాట పట్టుకుపోయారు.

విశ్వపతిగారు కంగారుగా ఆయన చెవి దగ్గర వంగారు. "సార్, తమరు పొరబడినారు. అది భూతకాలం."

"శుభమా అని ప్రారంభోత్సవం చేస్తుంటే భూతాలేమిటయ్యా నీ మొహం! రాతి మీద రాసింది ఎవరు?"

"మేమే సార్."

"ఏమని రాశారు?"

"ఉండేది అని సార్."

"మరి ఉండనివ్వు" అని మంత్రిగారు పులుసు వాసన పట్టుకుని హోటల్లోకి నడిచారు.

ఫైలు మాత్రం ఊరుకుంటుందా? 'ఉండేది అను పదము గతించినదానిని తెలుపునా, ఉండబోవుదానిని తెలుపునా' అని భాషా నిపుణుల సంఘానికి పంపారు. సంఘంవారు రేవుకి వచ్చి, క్షేత్ర పరిశీలన పేరుతో పులుసన్నం తిని, 'రెండునూ' అని మధ్యంతర నివేదిక ఇచ్చారు. తుది నివేదికకి మరికొన్ని పరిశీలనలు అవసరమన్నారు. అవి వచ్చేదాకా యథాతథ స్థితి. నూకరత్నం ఆ నల్లరాయిని రోజూ తడిగుడ్డతో తుడిచి బొట్టు పెడుతోంది. హోటలుకి అంతకన్నా మంచి బోర్డు ఎవరు రాయించుకోగలరు!

కొన్నాళ్ళకి పై నుంచి మరో ఉత్తర్వు వచ్చింది. 'కోనపేట రేవునందలి జ్ఞాపకములు పూర్తిగా సేకరించబడినందున జ్ఞాపకాల విభాగం రద్దు చేయడమైనది.' ఉప్పు గోదాముని ఐస్‌క్రీం వాళ్ళకిచ్చారు. విశ్వపతిగారిని ఎక్కడో గొర్రెల అభివృద్ధికి బదిలీ చేశారు.

బస్సుకి టైముందని ఆయన పెట్టె పట్టుకుని హోటలుకి వచ్చి, బల్ల చివర ఒదిగి కూర్చున్నారు. కళాసీలు తలలు తిప్పి చూశారు. నూకరత్నం టీ పెట్టింది.

"ఆఫీసు ఎత్తేశారటగా బాబుగారూ?" అన్నాడు పేరయ్య.

"ఎత్తేశారు" అన్నారాయన, గోదాము వైపు చూస్తూ. తొలిసారి ఆ మనిషి నోట ఉత్తర్వు భాష రాలేదు. "గులాబీరంగు బాగా వేయించాను. నా గదిలోంచి రేవంతా కనపడేది. కిటికీ దగ్గర నా బల్ల ఉండేది..."

అని టక్కున ఆగిపోయారు. ఆ మాట ఆయన చెవికే వినపడింది.

ఎవరైనా నవ్వితే అందరూ నవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు. పేరయ్య నోరు తెరిచాడు కూడా. నూకరత్నం గరిటె చూపించి మూయించింది. ఆవిడకి జాలేసింది. నిజంగానే వేసింది. ఉన్నది లేకుండా పోతే ఎలా ఉంటుందో ఆ మధ్య కొన్నాళ్ళు ఆవిడ రుచి చూసింది. వేడి పెసరట్టు ఆయన ముందు పెట్టి, ఎదురు బల్ల మీద కూర్చుంది.

"చెప్పండి బాబుగారూ" అంది. "ఇప్పుడు మీకూ అర్హత వచ్చింది. చెమట పట్టిందని చెప్పినా పర్లేదు. మేం మధ్యలో ఆపం."